నేర్చుకొనుటలోని నేర్పు: నేటి విద్యా మనోవిజ్ఞానం చెప్పే మాట

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలు మనిషి జీవితంలో వార్ధక్యమైతే, పాఠశాల జీవితంలో అనుభవంతో పండిన యౌవనం. కన్నడం రాజభాషగాను, ఉర్దూ, మరాఠీలు అంగడి భాషలుగాను వినిపించే బీదరు వంటి సరిహద్దు పట్టణంలో ఒక తెలుగు మాధ్యమ పాఠశాల ఇంతకాలం నిలిచినదంటే, దాని వెనుక ఎందరో నిరాడంబరుల శ్రమ ఉన్నది. వారిని స్మరించుకొనుట ఈ ఉత్సవపు మొదటి ధర్మం. ఈ గదులలో కూర్చున్న బిడ్డ ఎట్లా నేర్చుకొంటున్నదో, నేర్చినదానిని ఎందుకు మరచిపోతున్నదో తెలుసుకొనుట రెండవ ధర్మం. ఈ ప్రసంగం ఆ రెండవ ధర్మాన్ని గురించినది.

పరీక్షా ఫలితాలు వెలువడిన వారంలో ఏ పాఠశాలకైనా ఒక తల్లి వస్తుంది. కొంగుతో కళ్ళు ఒత్తుకొంటూ ఆమె అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "టీచరమ్మా, మా పిల్ల రాత్రి పదకొండు గంటల దాంక పుస్తకం ముందర నుంచి లేవది. అడిగితే అన్నీ వచ్చినయి అంటది. పరీక్ష కాడికి పోయేసరికి ఒక్కటి గుర్తుండది. లోపం దాని బుర్రల ఉన్నదా, తెలుగుల చదివించుడుల ఉన్నదా? ఇంగ్లీషు బడికి మార్చమంటరా?"

ఈ ప్రశ్నలో ఒక బిడ్డ భవిష్యత్తు ఉన్నది, ఒక కుటుంబపు ఆదాయం ఉన్నది, ఒక భాష యొక్క మనుగడ ఉన్నది. అందువలన దీనికి ఆవేశంతో గాక ఆధారాలతో సమాధానం చెప్పవలసి ఉన్నది.

బీదరు నేల మీద ఈ ప్రశ్న పాతదే

చదువు ఏ భాషలో, ఏ పద్ధతిలో అన్న విచారం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. బహమనీ రాజ్యపు మంత్రి మహమూద్ గవాన్ 1472లో ఈ పట్టణంలో కట్టించిన మదరసా ఆ కాలంలో దూరదేశాల పండితులను ఆకర్షించిన విద్యాపీఠం. దాని రంగు పలకల గోడలు, ఒంటరిగా మిగిలిన మినారు నేటికీ చూడవచ్చును. అక్కడి విద్య అరబ్బీ, పారసీ భాషల విద్య. దానికి మూడు శతాబ్దాల ముందు, ఇదే జిల్లాలోని కల్యాణంలో బసవేశ్వరుడు, ఆయన సహచర శరణులు తత్త్వాన్ని సంస్కృతంలో గాక జనుల కన్నడంలో వచనాలుగా చెప్పారు. ఆ బసవని కథను పాల్కురికి సోమనాథుడు దేశి ఛందస్సైన ద్విపదలో బసవపురాణంగా తెలుగువారికి అందించాడు. తెలిసిన భాషలో చెప్పిన మాట లోతుగా దిగుతుందన్న ఎరుక ఆ మహనీయులకు శాస్త్రం పుట్టకముందే ఉన్నది.

నిజాము పాలనలో బీదరు హైదరాబాదు సంస్థానంలోని జిల్లా. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం విజ్ఞాన శాస్త్రాలను సైతం ఉర్దూలో బోధించి, భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని దేశానికి చూపింది. అయితే సంస్థాన ప్రజలలో అధిక సంఖ్యాకులకు ఇంటి భాష తెలుగో, మరాఠీయో, కన్నడమో. ఆ పిల్లలకు ఉర్దూ కూడ నేర్చుకొనవలసిన పరభాషయే. ఈ లోటును పూడ్చడానికే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో తెలుగు బాలికల పాఠశాల ఆరంభమయింది. 1930లో బీదరుకు ఎంతో దూరం లేని జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది.

1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు పాత బీదరు జిల్లా మూడు ముక్కలయింది. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీరు, నిలంగా, అహ్మదుపూరు ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి, బీదరు, భాల్కి, హుమనాబాదు, ఔరాదు ప్రాంతాలు మైసూరు రాష్ట్రానికి చేరినవి. గీత ఎక్కడ గీచినా, దానికి అటూ ఇటూ ఇంకొక భాష మాట్లాడే బిడ్డలు మిగిలిపోతారు. ఆ సంవత్సరమే రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం అట్టి బిడ్డలను ఉద్దేశించినది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించవలెనని అది చెప్పుచున్నది.

మరపు ఎట్లా వస్తుంది? జ్ఞాపకం ఎట్లా నిలుస్తుంది?

ఇక ఆ తల్లి ప్రశ్నలోని మొదటి భాగానికి వద్దాము. గంటల తరబడి చదివినది ఎందుకు నిలువదు?

మరపును కొలిచి చూచిన తొలి శాస్త్రజ్ఞుడు జర్మనీ దేశీయుడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. అర్థం లేని అక్షర సమూహాలను వల్లె వేసి, ఎంత కాలానికి ఎంత మరపు వచ్చునో తన మీదనే ప్రయోగం చేసుకొని 1885లో ప్రకటించాడు. నేర్చిన తొలి గంటలలోనే మరపు వేగంగా వచ్చి, తరువాత నెమ్మదిస్తుందని ఆయన కనుగొన్నాడు. ఒకే బిగిన ఎక్కువసార్లు చదవడం కన్న, రోజుల మధ్య ఎడం ఇచ్చి చదవడం మేలని కూడ ఆయనే గమనించాడు.

రెండవ విషయం మనస్సు యొక్క ఇరుకుతనం. ఒక క్షణంలో మనస్సు పట్టి ఉంచగల అంశాలు సుమారు ఏడని 1956లో జార్జి మిల్లర్ వ్రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ సంఖ్యను నాలుగు దగ్గరకు తగ్గించాడు. అనగా బిడ్డ మనస్సు చిన్న పీట వంటిది. ఒక లెక్కలో కొత్త పదం, కొత్త సూత్రం, తెలియని భాష, ఉపాధ్యాయుని కోపం, ఇవన్నీ ఒకేసారి దాని మీద పెడితే అసలు లెక్కకు చోటుండదు. ఎక్కాలు కంఠతా రావలెనని పెద్దలు పట్టుపట్టడంలో ఉన్న మర్మం ఇదే. ఏడెనిమిదులు యాభై ఆరని తడుముకొనకుండ వచ్చిన బిడ్డకు, లెక్కలోని ఆలోచనకు మనస్సులో ఖాళీ మిగులుతుంది. కనుక కంఠస్థం చేయడమే తప్పని ఎవరైనా అంటే అది సగం నిజం. అర్థం తెలియకుండ కంఠస్థం చేయడం మాత్రమే తప్పు.

మూడవ విషయం అతి ముఖ్యం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనోవిజ్ఞానవేత్తలు విద్యార్థులకు ఒక గద్యభాగం ఇచ్చారు. ఒక జట్టు దానిని నాలుగు విడతలూ చదివింది. మరొక జట్టు ఒక విడత మాత్రమే చదివి, తక్కిన మూడు విడతలలో పుస్తకం మూసి జ్ఞాపకమున్నది వ్రాసింది. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ మళ్ళీ చదివినవారికి 83 శాతం, పుస్తకం మూసి వ్రాసినవారికి 71 శాతం గుర్తున్నది. వారం గడచిన తరువాత ఆ స్థితి తలక్రిందులయింది. పదే పదే చదివినవారికి 40 శాతం, మూసి వ్రాసినవారికి 61 శాతం నిలిచింది. మరొక విశేషమేమనగా, బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకం వెలిబుచ్చినవారు మళ్ళీ మళ్ళీ చదివిన విద్యార్థులే!

"అన్నీ వచ్చినయి" అన్న ఆ బిడ్డ అబద్ధమాడలేదు. పలుమార్లు చూచిన పేజీ పరిచితంగా కనిపిస్తుంది. ఆ పరిచయాన్నే బిడ్డ జ్ఞానమని భ్రమపడుతుంది. 2013లో డన్‌లాస్కీ, ఆయన సహచరులు పది అధ్యయన పద్ధతులను గురించిన పరిశోధనలన్నింటిని సమీక్షించారు. తనను తాను పరీక్షించుకొనుట, ఎడం ఇచ్చి చదువుట, ఈ రెండింటికే ఉత్తమ స్థానం దక్కింది. వాక్యాల క్రింద గీతలు గీచుట, చదివినదే తిరిగి చదువుట క్రింది స్థానంలో మిగిలినవి.

దీనిని బీదరువాసులకు వేరొక రీతిగా చెప్పవచ్చును. ఈ ఊరి బిద్రీ పనివారు తుత్తునాగం, రాగి కలిపి పోతపోసిన పాత్రను ఆకురాయితో నునుపు చేసి, మొదట మైలుతుత్తపు ద్రావణం పూసి నల్లబరుస్తారు. అది తాత్కాలికమైన నలుపు. ఉలితో గీసే లతలు, పువ్వులు కంటికి ఆనడానికే దాని ప్రయోజనం. వెండి తీగలు పొదిగి పాత్రను మెరుగు పెట్టగానే ఆ నలుపు పోతుంది. చివరకు బీదరు కోటలోని మట్టిలో నవాసారం కలిపి, వెచ్చచేసిన పాత్రకు పట్టించినప్పుడు వచ్చే నలుపే శాశ్వతం. వెండి మాత్రం తెల్లగా మెరుస్తూ నిలుస్తుంది. మొదటిసారి పాఠం చదవడం మైలుతుత్తపు నలుపు వంటిది. అది అవసరమే, అది లేనిదే ఉలి నడువదు. కాని అక్కడితో పని ముగిసినదని అనుకొన్నవాడు పనివాడు కాడు. పుస్తకం మూసి, ఎడమిచ్చి, మరల మరల జ్ఞాపకం తెచ్చుకొనుట కోటమట్టి వంటిది.

అవధాన విద్య చెప్పే పాఠం

తెలుగువారికి మరియొక సాక్ష్యం ఇంటిలోనే ఉన్నది. అది అవధానం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరమక్షరానికీ నిషేధం విధిస్తారు, ఒకరు గంట కొడుతూ ఉంటారు, మరొకరు అప్రస్తుత ప్రసంగంతో దృష్టి మరల్చచూస్తారు. అవధాని ఒక పద్యాన్ని ఒకేసారి ముగించడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెప్పుతూ నాలుగు ఆవృత్తాలు తిరుగుతాడు. ఆవృత్తం తిరిగి వచ్చినప్పుడెల్లా, మధ్యలో ఎన్నో అడ్డంకులు దాటి, వెనుకటి పాదాన్ని మనస్సులోనుండి తీసుకొనవలసి ఉంటుంది. చివరకు పద్యాలన్నింటినీ వరుసగా అప్పగించుటే ధారణ. ఈ విద్యతో ఆంధ్రదేశమంతటా సంచరించిన తిరుపతి వేంకట కవులు ప్రయోగశాలల ముఖం చూచినవారు కారు. అయినను ఎడమిచ్చుట, అంశాలను కలగలుపుట, చూడకుండ స్మరించుట అన్న మూడు సూత్రాలూ ఆ ప్రక్రియ నిర్మాణంలోనే ఉన్నవి.

అవధాని ధారణకు ఛందస్సు, వ్యాకరణం, పురాణ పరిజ్ఞానం ఆధారాలు. అవి లేనివాడు ఎంత జ్ఞాపకశక్తి గలవాడైనా ఆ పీఠం మీద కూర్చొనలేడు. చదరంగంలో ఛేజ్, సైమన్ అనేవారు 1973లో చూపినది కూడ ఇదే. నిజమైన ఆటలోని పావుల స్థానాలను మేటి ఆటగాడు ఒక్క చూపులో గుర్తుపెట్టుకొంటాడు. పావులను అర్థం లేకుండ చెల్లాచెదరుగా పెడితే అతని ఆధిక్యం మాయమవుతుంది. జ్ఞాపకం అర్థం మీద నిలుస్తుంది. ముందున్న జ్ఞానమే కొత్త జ్ఞానానికి గుంజ.

అక్షరాల మెట్లు

ప్రాథమిక తరగతుల తల్లిదండ్రుల కొరకు ఒక మాట. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. రెండింటిలోను గుణింతాలు, వత్తులు కలిపితే బిడ్డ కంటికి కనిపించే ఆకారాలు వందలలో ఉంటాయి. ఇరవై ఆరు అక్షరాల ఆంగ్లంతో దీనిని పోల్చి, ఒకటవ తరగతి పూర్తయినా బిడ్డకు అక్షరాలు రాలేదని బెంగపడడం తగదు. కన్నడం చదివే పిల్లలను పరిశీలించి 2007లో సోనాలీ నాగ్ ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అక్షరాలపై పట్టు నాల్గవ తరగతి వరకు పెరుగుతూనే ఉంటుంది. తెలుగు లిపి స్వభావం కూడ అదే గనుక, మూడవ తరగతి బిడ్డ ఒత్తక్షరాల దగ్గర తడబడితే అది మందబుద్ధికి గుర్తు కాదు. దానికి కావలసినది బెత్తం కాదు, మరికొన్ని కథల పుస్తకాలు. పైగా బీదరు బిడ్డకు ఒక లాభమున్నది. తెలుగు లిపి కుదిరిన బిడ్డకు కన్నడ లిపి సగం వచ్చినట్లే. 2015 నాటి కన్నడ భాషాభ్యసన చట్టం ప్రకారం కర్ణాటకలోని ప్రతి పాఠశాలలోను కన్నడం నేర్పవలెను. అది తెలుగు బిడ్డకు బరువు కాదు, ఇరుగు పొరుగుతో కలిసి బ్రతుకుటకు తాళపుచెవి.

మాధ్యమం మాట

ఇక ప్రశ్నలోని కష్టమైన భాగం: ఇంగ్లీషు బడికి మార్చవలెనా?

మొదట న్యాయం. మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం నిర్బంధించరాదని 2014లో సర్వోన్నత న్యాయస్థానం కర్ణాటక రాష్ట్రానికి సంబంధించిన వ్యాజ్యంలోనే తీర్పు చెప్పింది. ఎంపిక తల్లిదండ్రులది. కనుక ఎవరినీ తప్పుపట్టుట ఇక్కడ ఉద్దేశం కాదు. అయితే ఎంపిక చేయువారికి తెలియవలసిన సంగతులు కొన్ని ఉన్నవి.

కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ 1979 నుండి చెప్పుచున్న సిద్ధాంతం ఇది: అంగడిలో మాట్లాడే భాష వేరు, పాఠంలో ఆలోచించే భాష వేరు. మొదటిది ఒకటి రెండేళ్ళలో వస్తుంది. రెండవది రావడానికి అయిదు నుండి ఏడేళ్ళు పట్టవచ్చును. అంతేగాక, ఒక భాషలో సాధించిన చదువు నేర్పు రెండవ భాషకు బదిలీ అవుతుంది. తెలుగులో ఒక కథ చదివి సారాంశం చెప్పగల బిడ్డ ఆంగ్లంలో ఆ నేర్పును మొదటినుండి నేర్వనక్కరలేదు. దానికి కావలసినవి పదాలు, వాక్యాలు మాత్రమే.

ఈ సూత్రాన్ని తెలుగునాట ఆచరించి చూపినవారు గిడుగు రామమూర్తిగారు. 1863లో జన్మించిన ఆ మహాశయుడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి, అక్కడి సవరల భాషను స్వయంగా నేర్చుకొని, సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు వ్రాసి బడులు పెట్టించారు. తెలుగు బిడ్డకు వాడుక తెలుగు కావలెనని పోరాడిన చేతులే సవర బిడ్డకు సవర వాచకం వ్రాసినవి. ఆయన బాటలోనే 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, గోండి, కొలామీ, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అను ఎనిమిది భాషలలో గిరిజన బాలలకు తొలి తరగతుల బోధన ప్రారంభించింది.

మరొక అధ్యయనం తెలుగు పల్లెలలోనే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాలలో, ప్రైవేటు బడికి ఫీజు చెల్లించే వోచర్లను లాటరీ ద్వారా కొందరు పిల్లలకు ఇచ్చి, నాలుగేళ్ళు పరిశీలించి, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఫలితాలు ప్రచురించారు. తెలుగులోను గణితంలోను ప్రైవేటు బడికి వెళ్ళిన పిల్లలకు, ప్రభుత్వ బడిలో ఉన్నవారికి చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడులు తక్కువ ఖర్చుతో, తెలుగుకూ గణితానికీ తక్కువ సమయం కేటాయించి ఆ ఫలితం సాధించినవని కూడ వారు వ్రాశారు, అది ఒప్పుకొనవలసిన నిజం. అయితే ఆంగ్ల మాధ్యమానికి మారిన పిల్లలు ఇతర విషయాలలో కొంత వెనుకబడి ఉండవచ్చునని అదే అధ్యయనం సూచించింది. అది సూచనయే గాని తుది నిర్ధారణ కాదు. అయినను ఫీజు కోసం పుస్తెలు కుదువ పెట్టే ముందు తల్లిదండ్రులు వినదగిన సూచన.

2020 నాటి జాతీయ విద్యా విధానం వీలున్నంతవరకు కనీసం అయిదవ తరగతి దాకా, వీలైతే ఎనిమిదవ తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండవలెనని చెప్పింది. దీని అర్థం ఆంగ్లం వద్దని కాదు. ఉద్యోగానికీ ఉన్నత విద్యకూ ఆంగ్లం కావలసినదే. ఆ తల్లి కోరిక న్యాయమైనదే. తెలుగు మాధ్యమ పాఠశాల ఆంగ్లాన్ని ఒక విషయంగా నిర్లక్ష్యంగా బోధిస్తే, ఆ తల్లి బిడ్డను తీసుకొని వెళ్ళినందుకు నింద పాఠశాలదే గాని ఆమెది కాదు. మాతృభాషను నిలుపుకొనే దారి ఆంగ్లాన్ని బాగా నేర్పుటయే.

బిడ్డ ఉన్నచోటు నుండి బోధన

రష్యా దేశీయుడు వైగోట్‌స్కీ 1934లో మరణించే నాటికి ఒక గొప్ప మాట చెప్పిపోయాడు. బిడ్డ ఒంటరిగా చేయగలదానికీ, పెద్దల సాయంతో చేయగలదానికీ నడుమ ఉన్న ప్రదేశంలోనే చదువు పెరుగుతుంది. దానికి క్రింద బోధిస్తే విసుగు, పైన బోధిస్తే భయం. ఈ సత్యాన్ని పల్లెబడిలో అమలు చేసినవారు మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంవారు. ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులను బోధించే చిన్న బడులలో, పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసి నిచ్చెన మెట్లవలె అమర్చి, ప్రతి బిడ్డా తన మెట్టు నుండి తన వేగంతో ఎక్కే ఏర్పాటు చేశారు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా ఉపాధ్యాయులు దానిని చూచి వచ్చి ఆరంభించినదే కర్ణాటకలో పేరుపొందిన నలి-కలి. తెలుగునేల మీది ఒక చిన్న ప్రయోగం కన్నడ బాలలందరికీ అందినది. ఉభయ భాషల మధ్య ఇచ్చిపుచ్చుకొనుట పాల్కురికితోనే ముగియలేదు.

ముంబయి, వడోదరలలో వెనుకబడిన పిల్లలకు స్థానిక యువతులు రోజుకు సుమారు రెండు గంటలు వారి స్థాయి నుండే బోధించినప్పుడు, వారి చదువు గణనీయంగా మెరుగుపడినదని 2007లో వెలువడిన పరిశోధన చూపింది. దానిలో పాలుపంచుకొన్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో నోబెల్ బహుమానం లభించింది. వారే మరికొందరితో కలిసి 2025లో ప్రచురించిన మరొక అధ్యయనం తల్లిదండ్రులందరూ ఆలోచించదగినది. కోల్‌కతా, ఢిల్లీ అంగళ్ళలో కూరలమ్మే పిల్లలు చిల్లర లెక్కలు నోటితో క్షణంలో తేల్చారు. అదే లెక్కను పుస్తకంలోని రూపంలో ఇస్తే చాలామంది చేయలేకపోయారు. బడిపిల్లలు పుస్తకపు లెక్క చేసి, అంగడి లెక్క దగ్గర చతికిలబడ్డారు. 1985లో బ్రెజిల్ దేశపు రెసిఫె నగరంలో అయిదుగురు పిల్లల మీద జరిగిన పరిశీలన కూడ ఇదే చెప్పింది. అంగడి లెక్కలలో వారికి 98 శాతం సరిగా వస్తే, కాగితం మీది లెక్కలలో 37 శాతమే వచ్చినవి. తండ్రి దుకాణంలో కూర్చొని చిల్లర సరిగా ఇచ్చే బిడ్డకు లెక్కలు రావని ఎవరనగలరు? ఆ రెండు లెక్కల నడుమ వంతెన కట్టుట ఉపాధ్యాయుని పని.

భయము, మెప్పు

లెక్కలంటే భయపడే విద్యార్థికి ఆ భయమే మనస్సులోని కొద్దిపాటి చోటును ఆక్రమించి, వచ్చిన లెక్కను కూడ రాకుండ చేస్తుందని 2001లో ఆష్‌క్రాఫ్ట్, కిర్క్ చూపారు. కోప్పడితే చదువు వస్తుందన్న నమ్మకానికి శాస్త్రంలో ఆధారం లేదు. మెప్పు కూడ ఆచితూచి ఇవ్వవలసినదే. "నీవు తెలివైనదానవు" అని పొగడిన పిల్లలు కష్టమైన పనికి వెనుకాడారని, "బాగా కృషి చేశావు" అని పొగడిన పిల్లలు ముందుకు వచ్చారని 1998లో మ్యూలర్, డ్వెక్ ప్రకటించారు. తరువాత ఈ భావం చాలా ప్రచారమయింది. 2019లో అమెరికాలో వేలాది విద్యార్థులపై పరీక్షించగా, ఇట్టి ఉపదేశం వలన వెనుకబడినవారికి కలిగిన లాభం నిజమే గాని చిన్నదేనని తేలింది. మంచి మాట మంచి బోధనకు తోడు కాగలదు, బదులు కాలేదు. కొందరు బిడ్డలు చూచి నేర్చుకొనేవారని, కొందరు విని నేర్చుకొనేవారని విభజించి బోధించవలెనన్న వాదానికి కూడ తగిన ఆధారం లేదని 2008లో నలుగురు మనోవిజ్ఞానవేత్తలు సమీక్షించి చెప్పారు. శాస్త్రం పేరుతో వచ్చే ప్రతి మాటా శాస్త్రం కాదని గుర్తుంచుకొనుట కూడ విద్యలో భాగమే.

చేయవలసినది

తల్లిదండ్రులకు: రాత్రి పదకొండు గంటల వరకు కూర్చోబెట్టనక్కరలేదు. భోజనం చేస్తూ "ఈ రోజు ఏమి చెప్పారు? పుస్తకం చూడకుండ చెప్పు" అని అడిగితే చాలును. మూడవ నాడు అదే అడగవలెను, వారానికి మరల అడగవలెను. చదువురాని తల్లి కూడ ఈ ప్రశ్న అడగగలదు. బిడ్డ తడబడినప్పుడు కసరరాదు, ఆ తడబాటులోనే చదువు గట్టిపడుతున్నది.

ఉపాధ్యాయులకు: మార్కులు వేయని చిన్న పరీక్షలు ఎక్కువగాను, భయపెట్టే పెద్ద పరీక్షలు తక్కువగాను ఉండవలెను. పాఠం మొదట అయిదు నిమిషాలు గత వారపు పాఠాన్ని అడగవలెను. ఆంగ్లం గంటను మాట్లాడించే గంటగా మార్చవలెను.

పూర్వ విద్యార్థులకు: గదులు కట్టించుట గొప్ప దానమే. దానితోపాటు సంవత్సరానికి ఒక దినం వచ్చి, చిన్న తరగతిలో కూర్చొని, ఒక బిడ్డ ఒక కథ చదివితే వినిపోవలెను. వినేవారున్నప్పుడు చదువు వస్తుంది.

ఇక ఆ తల్లికి ఇవ్వవలసిన సమాధానం: "అమ్మా, లోపం నీ బిడ్డ బుర్రలో లేదు. తెలుగులోను లేదు. చదివే తీరులో ఉన్నది, ఆ తీరు నేర్పవలసిన బాధ్యత బడిది. ఇన్నాళ్ళు ఆ బాధ్యత తీర్చని లోటు ఉంటే అదీ బడిదే. బిడ్డను మార్చుటకు ముందు ఒక్క సంవత్సరం తీరును మార్చి చూడు."

ఈ సమాధానం ధైర్యంగా చెప్పగలిగి, ఏడాది తిరిగేసరికి నిజం చేసి చూపగలిగిన నాడే డెబ్బది అయిదేళ్ళ ఈ దీపానికి మరల నూనె పోసినట్లు. ఈ పాఠశాల శతాబ్ది ఉత్సవానికి నేటి బాలలే పెద్దలై ఈ వేదికను అలంకరింతురు గాక.

సర్వేజనాః సుఖినో భవంతు.